ఎనెస్కు ఫిడేలు, మా మేనకోడలి ట్యూనరు

పోయిన దసరా సెలవులకి మా అక్క కూతురు మా ఇంటికొచ్చింది. పదమూడేళ్ళ పిల్ల, నాలుగేళ్ళుగా వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది, గ్రేడ్ ఎగ్జామ్స్ అవీ ఇస్తుంది, ఫోన్లో శ్రుతి సరిపోయిందో లేదో ముల్లుతో చూపించే ట్యూనర్ యాప్ ఆన్ చెయ్యకుండా ఫిడేలు పెట్టె మూత కూడా తియ్యదు. ఆదివారం పొద్దున్న ఇడ్లీలయ్యాక నేను అలవాటుగా స్పీకర్లో బాఖ్ (మూడొందల ఏళ్ళ కిందటి జర్మన్ స్వరకర్త) పెట్టుకుని కూచున్నా. ఒక్క నిమిషం వింది. "మావయ్యా, ఎవరిది ఇది, ఎవరైనా స్టూడెంటా?" అంది.

నాకు టీ పొలమారింది. ఎందుకంటే ఆ వాయిస్తున్నాయన జార్జి ఎనెస్కు. పేరుమోసిన ఫిడేలు విద్వాంసులు యెహుదీ మెనుహిన్‌కి గురువు, ఆర్థర్ గ్రూమియోకి గురువు, ఇవ్రీ గిట్లిస్‌కీ ఇడా హెండెల్‌కీ పాఠం చెప్పినాయన, అదీ కాక రొమేనియా దేశానికి సంగీతంలో ఇప్పటికీ పెద్దదిక్కు. ఇదంతా నేను చెప్పేలోపే ఆ పిల్ల ఫోను తెచ్చి స్పీకర్ ముందు పెట్టేసింది. ముల్లు కాసేపు ఆకుపచ్చలో నిలబడింది, తర్వాత ఎడమవైపుకి వాలి ఎర్రబడింది, మళ్ళీ పచ్చ, మళ్ళీ ఎరుపు. "చూడు ఎంత ఫ్లాటో" అని నా మొహం కేసి చూసింది, కోర్టులో ఎగ్జిబిట్ ఎ పెట్టిన లాయర్ లాగ.

నిజమే, ఫ్లాటే, శ్రుతి కన్నా కిందే. ఇక్కడ అబద్ధం ఆడి లాభం లేదు. నేనీ రికార్డింగు పదిహేనేళ్ళుగా వింటున్నా, ఎక్కడెక్కడ వేలు తప్పుతుందో నాకు బట్టీ వచ్చేసింది. అయినా బాఖ్ సోలో వయొలిన్ అంటే నేను మొట్టమొదట చేతిలోకి తీసుకునేది ఇదే. ఆ రోజు ఆ పిల్లకి సరిగ్గా జవాబు చెప్పలేకపోయా, ఏదో గొణిగి ఊరుకున్నా, అది నన్ను ఇన్ని నెలలూ తొలుస్తోంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నా.

ముందు ఆ సంగీతం సంగతి చెప్పాలి. 1720లో బాఖ్ జర్మనీలో క్యోటెన్ అనే చిన్న సంస్థానంలో లియోపోల్డ్ రాజు దగ్గర కొలువులో ఉన్నాడు. ఆ ఏడు తేదీ వేసి, తన చేత్తో శుభ్రంగా ఎత్తి రాసుకున్న ప్రతి ఒకటి ఉంది, ఆరు సోలోలు, మూడు సొనాటాలు (నెమ్మది, వేగం భాగాలు మార్చి మార్చి వచ్చేవి) మూడు పార్టీటాలు (నాట్యపు ముక్కల వరసలు), పక్కన తోడువాద్యం ఏదీ లేకుండా ఒక్క ఫిడేలుకి. అదే ఏడు జులైలో రాజుతో కలిసి కార్ల్స్‌బాడ్ వెళ్ళొచ్చేసరికి భార్య మరియా బార్బరా పోయి, ఖననం కూడా అయిపోయిందట. రెండో పార్టీటా ఆఖర్న వచ్చే పెద్ద ముక్క షాకోన్ ఆమె కోసమే రాశాడని కొందరు కథ అల్లుతారు, దానికి రుజువు లేదు, నేనైతే నమ్మను. ఈ ఆరూ అచ్చులోకి రావడానికే 1802 దాకా పట్టింది. ఆ తర్వాత కూడా జనానికి ఒంటి ఫిడేలు అంటే బోసిగా అనిపించింది కాబోలు, షూమన్ అంతటి స్వరకర్త కూచుని ఆరింటికీ పియానో తోడు రాసిపెట్టాడు. పూర్తిగా ఉన్న పెళ్ళిభోజనానికి పెరుగు పచ్చడి చేసి పంపినట్టు.

అసలు ఇందులో తమాషా ఏంటంటే ఫిడేలుకి నాలుగు తీగలు, బ్రిడ్జి వంపుగా ఉంటుంది, కమాను ఒకేసారి రెండు తీగల మీదే నిలకడగా ఆనగలదు, మూడు కావాలంటే గట్టిగా నొక్కాలి, నాలుగు కావాలంటే విరిచి విరిచి వాయించాలి. అలాంటి వాద్యం మీద ఈయన మూడు నాలుగు గొంతులు ఒకదాన్నొకటి తరుముకునే ఫ్యూగులు రాశాడు. నాలుగు తీగల్నీ ఒకేసారి తాకే ఒంపు కమాను ఒకటి బాఖ్ కాలంలో ఉండేదేమోనని ఇరవయ్యో శతాబ్దంలో కొందరు ఊహించుకున్నారు, ఎమిల్ టెల్మాన్యీ అనే ఆయన అలాంటిది చేయించుకుని 1954లో ఆరూ రికార్డు కూడా చేశాడు. వింటే హార్మోనియం పెట్టెలో ఫిడేలు ఇరుక్కున్నట్టుంటుంది. బాఖ్ చేసిన పని అది కాదు కదా. వాయించేవాడు ఒక స్వరం వదిలేసి ఇంకోదానికి వెళ్ళిపోయినా, వదిలేసింది వినేవాడి చెవిలో మోగుతూనే ఉంటుందని ఆయన లెక్క. సగం సంగీతం కాగితం మీద, సగం మన బుర్రలో.

కాబట్టి నా వాదన ఇక్కడ మొదలవుతుంది: ఈ సంగీతంలో వాయించేవాడి అసలు పని, మోగని స్వరాన్ని మోగుతున్నట్టు నమ్మించడం. అది చేసేది కుడిచెయ్యి. శ్రుతి చూసుకునేది ఎడమచెయ్యి. ఎనెస్కు రికార్డింగులో ఎడమచెయ్యి ముసలిదైపోయింది, కుడిచెయ్యీ బుర్రా కాలేదు.

ఆ రికార్డింగు ఏ పరిస్థితుల్లో జరిగిందో కూడా చూడండి. ఎనెస్కు 1881లో పుట్టాడు. ఏడేళ్ళకే వియన్నా కన్సర్వేటరీలో చేరాడు, తర్వాత పారిస్, అక్కడ 1899లో వయొలిన్‌లో మొదటి బహుమతి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1946లో రొమేనియా వదిలి వచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. అరవై దాటిన మనిషి, వెన్నెముక జబ్బుతో ఒళ్ళు ముందుకి వంగిపోయింది, డబ్బులకి కటకట, పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ పాఠాలు చెప్పుకుంటూ బతుకు. 1940ల చివర్లో కాంటినెంటల్ అనే చిన్న అమెరికన్ కంపెనీకి ఈ ఆరూ వాయించాడు. సౌండు కూడా గొప్పగా ఏం లేదు, పొడిగా, మైకు మొహం మీద పెట్టినట్టు ఉంటుంది. ఆ పాత ఎల్పీలు ఇప్పుడు వేలంలో లక్షల రూపాయలు పలుకుతాయి, అది వేరే పిచ్చి, దాని జోలికి నేను పోను, నాకు రీ-ఇష్యూ చాలు.

ఇప్పుడు దగ్గర్నుంచి ఒక చోటు వినిపిస్తా. మొదటి సొనాటా, జి మైనర్, అడాజియో, అంటే నెమ్మది భాగం. మొదటి మోత నాలుగు తీగల మీద, కింద జి నుంచి పై జి దాకా. ఎక్కువమంది దీన్ని తలుపు తోసినట్టు ధడేల్‌మని వాయిస్తారు. ఆ తర్వాత మెట్లు దిగినట్టు జలజలా చిన్న స్వరాలు జారతాయి, కాగితం మీద చూస్తే కళ్ళు తిరుగుతాయి, ముప్పైరెండో వంతులు అరవై నాలుగో వంతులు, నల్లటి గీతల మీద గీతలు. గ్రేడ్ ఎగ్జామ్ బుర్రతో చూస్తే వాటిని లెక్కపెట్టాలి. కానీ అవి లెక్కపెట్టే స్వరాలు కావు, ఆ కాలంలో వాయించేవాళ్ళు తమంతట తాము వేసుకునే అలంకారాలు, బాఖ్ ఎవర్నీ నమ్మక మొత్తం తనే రాసిపెట్టేశాడు. మన వాళ్ళెవరైనా ఆలాపనని ఒక్కో గమకంతో సహా అక్షరం అక్షరం కాగితం మీద పెడితే ఎలా ఉంటుంది, అలాంటిదన్నమాట. ఎనెస్కు దాన్ని ఆలాపన లాగే వాయిస్తాడు. మొదటి మోతని కొట్టడు, ఆనిస్తాడు, కింది స్వరం మీద కమాను కాస్త ఎక్కువసేపు ఉంచి, అది మన చెవిలో పునాదిలా పడిందని రూఢి చేసుకున్నాక అప్పుడు పైకి వస్తాడు. తర్వాత జారే స్వరాలన్నీ ఆ కింది దాన్ని తల్చుకుంటూ జారతాయి. ఒక స్వరం కాస్త తగ్గింది, నిజమే, అదిగో అక్కడ, కానీ అప్పటికి నేను వింటున్నది ఒక్కో స్వరాన్ని కాదు, ఒక మాటని, మధ్యలో ఊపిరి తీసుకుని ఆగి మళ్ళీ ఎత్తుకుంటున్న మాటని.

ఇంకో చోటు, రెండో సొనాటాలో ఆండాంటే. ఇది నాకు ప్రాణం. పైన నెమ్మదైన పాట, కింద అదే పనిగా టుక్ టుక్ టుక్ అని ఒకే లెక్కన కొట్టుకునే బేసు, రెండూ ఒకే కమాను. వీణ మీద కుడిచేతి చిటికెన వేలు తాళం తీగెలు మీటుతుంటే మిగతా వేళ్ళు పాట నడిపిస్తాయి చూశారా, అలాంటిది, కాకపోతే ఇక్కడ వేళ్ళు వేరు చేసుకునే వీల్లేదు, ఒక్క కర్ర తోనే రెండు పనులూ. పై తీగ మీద కమాను తెగకుండా సాగాలి, కింది తీగ మీద అదే కమాను ముక్కలు ముక్కలుగా పడాలి. గ్రూమియో దీన్ని వాయిస్తే పాట పట్టులా సాగుతుంది, బేసు ఎక్కడో పక్కగదిలో గడియారంలా ఉంటుంది, అందమే. ఎనెస్కు వాయిస్తే బేసే ముందు వినిపిస్తుంది, గుండె కొట్టుకోవడం ముందు, పాట దాని మీదుగా నడవడం తర్వాత. ఒకచోట పాట తడబడుతుంది కూడా. బేసు మాత్రం తడబడదు.

దీనికి కారణం ఉందని నా నమ్మకం. ఎనెస్కు తనని తాను ఫిడేలు విద్వాంసుడిగా ఎప్పుడూ అనుకోలేదు, స్వరకర్తని అనుకున్నాడు, సాధన అంటే విసుగు, ఫిడేలు అన్నం పెట్టే పని. ఈడిప్ అని పెద్ద ఆపెరా రాయడానికి ఏళ్ళకేళ్ళు పట్టింది, 1936లో పారిస్‌లో ఆడారు. కుర్రాడిగా ఉన్నప్పుడు రొమేనియా రాణి బాఖ్ సమగ్ర సంపుటాలు కానుకగా ఇచ్చింది, అవి కాచి వడపోశాడు. అంచేత బాఖ్ అంటే ఆయనకి ఈ ఆరు ముక్కలే కాదు, చర్చిలో బృందగానాలు, ఆర్గాన్, తప్పెట్లు, ట్రంపెట్లు, అన్నీ. షాకోన్‌లో మధ్యలో మైనర్ నుంచి మేజర్‌కి మారే చోటు ఉంటుంది, అప్పటిదాకా ఏడెనిమిది నిమిషాల రాపిడి, ఒక్కసారి ఎవరో కిటికీ తీసినట్టు వెలుగు. కాసేపటికి ఒకే స్వరం మూడుసార్లు కొట్టే చిన్న ముక్క ఒకటి వస్తుంది, ట-ట-టా అని, కింద ఒకసారి పైన ఒకసారి. మామూలుగా అది ఫిడేలు మీద ఫిడేలు లాగే వినిపిస్తుంది. ఎనెస్కు దగ్గర దూరంగా ఎక్కడో ట్రంపెట్లు ఊదుతున్నట్టు ఉంటుంది, ఊళ్ళోకి ఇంకా రాని ఊరేగింపులా. వాద్యం తెలిసినవాడు ఫిడేలుని ఫిడేలులా వాయిస్తాడు, ఈయనకి ఫిడేలు ఒక కిటికీ అంతే, అవతల ఉన్నది వేరే.

సరే, ఇప్పుడు నాకు రెండు రకాల జనంతో పేచీ ఉంది.

మొదటి రకం మా మేనకోడలు లాంటివాళ్ళు. ఆ రోజు సాయంత్రం పట్టుదలకి పోయి నేనూ ఒక పరీక్ష పెట్టా. ఎనెస్కు శిష్యుడే అయిన గ్రూమియో 1960-61లో ఫిలిప్స్‌కి చేసిన రికార్డింగు పెట్టా, శ్రుతిశుద్ధికి పెట్టింది పేరు, వేలు తప్పిందని ఎవడూ వేలెత్తి చూపలేడు. ముల్లు ఎక్కువగా ఆకుపచ్చే. కానీ ఎఫ్ షార్ప్ మీంచి జి మీదకి ఎక్కేచోట కుడివైపుకి వాలి ఎర్రబడింది. "అదేంటి?" అంది పిల్ల. అదే మరి! యాప్‌లో పెట్టింది పన్నెండు సమానమైన మెట్లు, పియానో మెట్లు, మంచి ఫిడేలు వాద్యకారుడు పై మెట్టుకి ఎక్కబోయేముందు కింది మెట్టుని కావాలనే కాస్త పైకి జరుపుతాడు, ఆ లాగుడు కోసం. యాప్ దృష్టిలో అదీ తప్పే. తర్వాత సెర్జియు లూకా పెట్టా, ఈయనా రొమేనియాలోనే పుట్టాడు, 1977లో పాతకాలపు ఫిడేలు మీద ఆరూ మొత్తం రికార్డు చేసి ఆ దారి తెరిచాడు. ఈ బరోక్ పద్ధతి వాళ్ళు, అంటే బాఖ్ కాలపు తీరులో వాయించేవాళ్ళు, శ్రుతినే ఇప్పటికంటే దించి కట్టుకుంటారు, 'ఎ' స్వరం సెకనుకి 440 కంపనాల బదులు చాలామంది 415, అంటే ఆ పన్నెండు మెట్లలో దాదాపు ఒక మెట్టు కింద. ఇక ట్యూనర్ ఏం చెప్తుంది, పాపం దానికి ఊరే మారిపోయింది.

ఆఖర్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఆలాపన ఒకటి పెట్టా. ముల్లు గాలిపటం తోకలా కొట్టుకుంది. పిల్ల నవ్వేసింది.

నాయుడు గారి పేరు ఊరికే తేలేదు. నేను విజయనగరం వాణ్ణి, చిన్నప్పుడు నాలుగేళ్ళు ఫిడేలు నేర్చుకున్నా. మా మాస్టారి దగ్గర శ్రుతి తప్పితే కమాను కర్ర వేళ్ళ మీద పడేది, "ఏట్రా అది, పిల్లి గోకినట్టు" అనేవారు, శ్రుతి తల్లి లయ తండ్రి అని రోజుకి పదిసార్లు. ఆ ఊళ్ళో ఫిడేలు పట్టుకున్న ప్రతివాడికీ నాయుడు గారు దేవుడే, 1919లో మహారాజా వారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వచ్చినాయన్ని నేరుగా అధ్యాపకుడిగా పెట్టేసుకున్నారని చెప్పుకుంటారు. ఇంకో కథ, 1952లో మెనుహిన్ ఇండియా వచ్చినప్పుడు మద్రాసులో జస్టిస్ రాజమన్నారు గారింట్లో నాయుడు గారి కచేరి విని ముగ్ధుడైపోయాడని. మెనుహిన్ అంటే ఈ ఆరింటినీ మొత్తంగా రికార్డు చేసిన మొదటివాడు, 1934 నుంచి 36 మధ్య, ఇంకా ఇరవై నిండీ నిండకుండా. మా ఊళ్ళో ఈ కథని మన గొప్ప తెల్లవాడు ఒప్పుకున్నాడన్న టైపులో చెప్తారు, నాకు ఆ ధోరణి నచ్చదు గానీ, నాకు తట్టేది వేరే. ఎనెస్కు దగ్గర పెరిగిన చెవి అది. స్వరం ఒక చుక్క కాదు, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పోయే దారి అని అప్పటికే తెలిసిన చెవి. నాయుడు గారి కమానులో ఆ చెవికి తెలిసిన మనిషి గొంతే వినిపించి ఉంటుందని నా ఊహ, ఊహే.

అలాగని గమకం పేరు చెప్పి ఎనెస్కు తప్పుల్ని కప్పెయ్యడం మోసం. గమకం తెలిసి చేసేది, ఎనెస్కు వేలు తప్పడం తెలియక జరిగింది. ఇక్కడికి నా రెండో రకం జనం వస్తారు, వీళ్ళతోనే నాకు ఎక్కువ కోపం. "ఆ తప్పుల్లోనే ఉందండీ ఆత్మ, ఆ వణుకే అందం" అంటారు. కాదు! మూడో సొనాటాలో ఫ్యూగ్ ఉంది, 354 బార్లు, ఆరింటిలోకీ పొడుగైన ఫ్యూగ్, అక్కడ ఎనెస్కు జంటస్వరాలు కొన్ని వినడం నిజంగా కష్టం, నేను ఒక్కోసారి దాటేస్తా. మొదటి సొనాటా ఆఖర్న ప్రెస్టో, అంటే జోరు భాగం, గతుకుల రోడ్డు మీద ఆటోలా ఉంటుంది. అందులో ఆత్మ ఏమీ లేదు, ముసలితనం ఉంది, నొప్పి ఉంది. ఇదే మనిషి 1932లో పారిస్‌లో పదహారేళ్ళ మెనుహిన్‌తో కలిసి బాఖ్ జోడు వయొలిన్ కన్సర్టో వాయించాడు, పియర్ మోంటూ కండక్టర్. ఆ నెమ్మది భాగంలో గురువెవరో శిష్యుడెవరో చాలాచోట్ల చెప్పలేం, శ్రుతి సుబ్బరంగా ఉంటుంది. 1929లో కొలంబియాకి వాయించిన కొరెల్లీ, హ్యాండెల్ వినండి, అదే మాట్లాడే కమాను, దానికి తోడు తప్పని వేలు. ఆ రోజుల్లో ఎవరైనా ఆయన్ని కూచోబెట్టి బాఖ్ ఆరూ వాయించమని ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు, వాదనే ఉండేది కాదు. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా అడిగారు. అంచేత ఈ రికార్డింగు తప్పుల వల్ల గొప్పదైందని నేననను, తప్పులు ఇంత నష్టం చేశాక కూడా ఇంత మిగిలింది, అసలు ఎంత ఉండి ఉండాలో అని నాకు దిగులు.

మూడో అభ్యంతరం ఒకటి ఉంది, ఎనెస్కు బాణీ రొమాంటిక్ (పందొమ్మిదో శతాబ్దపు తీరు), బరోక్ కాదు, స్వరం మీంచి స్వరానికి వేలు జార్చడం అవీ పాత ఫ్యాషన్ అని. జారుడు ఉంది, ఒప్పుకుంటా. కానీ బరోక్ పద్ధతి వాళ్ళు గత యాభై ఏళ్ళుగా ఏం కావాలంటున్నారు? మాట్లాడినట్టు వాయించాలి, ప్రతి స్వరాన్నీ ఒకే బరువుతో లాగకూడదు, బేసు వినపడాలి. ఇవన్నీ ఆ పొడి రికార్డింగులో ఉన్నాయి. ఇంతకంటే దీని మీద సాగదియ్యను.

ఆయన శిష్యుల్లో ఒకాయన, సెర్జ్ బ్లాన్, క్లాసుల్లో ఎనెస్కు చెప్పినవన్నీ స్వరాల పక్కన రాసిపెట్టి బయటపెట్టాడు. మా మేనకోడలికి అది డౌన్‌లోడ్ చేసి పంపా. చదివిందో లేదో తెలీదు. సంక్రాంతికి ఫోన్ చేసి, "మావయ్యా, ఎగ్జామ్‌కి నాకు ఇ మేజర్ పార్టీటాలో గవోత్ వచ్చింది" అంది. మంచి ముక్క, పల్లవి లాగ మొదటి మాట మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది, మధ్యలో చరణాలు. వాయించి వినిపించింది, స్పీకర్ ఫోన్‌లో. శ్రుతి బ్రహ్మాండం. పల్లవి వచ్చిన ప్రతిసారీ ఒక్కలాగే ఉంది, జిరాక్స్ తీసినట్టు. "ఎనెస్కు ఏం చేశాడో వినలేదా?" అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. "విన్నా. ఆఖరిసారి పల్లవి వచ్చినప్పుడు మొదటిసారి కన్నా అలిసిపోయినట్టుంది ఆయన. నిజంగా అలిసిపోయాడా, కావాలని అలా వాయించాడా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. రెండూ అయ్యుంటాయన్నా. మార్కులు పోతాయి, ఎగ్జామ్ అయ్యేదాకా గ్రూమియోనే విను తల్లీ అని కూడా అన్నా. వాళ్ళమ్మ పక్కనే ఉంది మరి.